నీళ్లు కలిపిన సీసా

పన్నెండేళ్లుగా ఒక చిన్న మాట నా గొంతులో ముల్లులా అడ్డంపడి ఉంది. "వేశానమ్మా." అంతే ఆ మాట. పైకి చూస్తే అందులో ఏముంది? కూరలో ఉప్పు వేశావా అని అడిగితే వేశానని చెప్పమా, అలాంటిదే. కానీ ఆ మాట వెనకాల ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంకో మనిషి బతుకు దారి మారిపోయింది. నేను మాత్రం లక్షణంగా రిటైరై, శాలువా కప్పించుకుని, తెనాలిలో మా వీధివాళ్ల చేత 'సారు నెమ్మదస్తుడండి' అనిపించుకుంటూ తిరుగుతున్నాను.

నా పేరు చెప్పను. చెబితే మీరు నన్నేదో చేస్తారని కాదు. పేరు బయటికి రాగానే మనిషి తనను తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు. నాకా విద్య బాగా వచ్చు. అందుకే వద్దు.

రేపల్లె వెళ్లే దారిలో, కాలువ పక్కన, ఒక చిన్న కెమికల్ ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లేదు. నేనందులో ల్యాబ్ ఇన్‌ఛార్జిని. పొద్దున్నే తెనాలిలో రేపల్లె రైలెక్కేవాణ్ణి, సాయంత్రం అదే రైల్లో ఇంటికి. మేం చేసేది ఫ్లోరిన్ ఉన్న ఉప్పులు. మందుల కంపెనీలకు, గాజు ఫ్యాక్టరీలకు వెళ్లేవి. ఫ్లోర్‌స్పార్ అని ఒక రాయి ఉంటుంది. దాన్ని పొడి చేసి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కాస్తే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వస్తుంది. ఆ యాసిడ్ నుంచే మిగతావన్నీ తయారవుతాయి. అది ఎలాంటిదో మీకు తెలియాలి. గాజును తినేస్తుంది. మరీ చిక్కగా లేనిది ఒంటిమీద పడితే మొదట మంట కూడా పుట్టదు, నీళ్లు చిలకరించినట్టే ఉంటుంది. తర్వాత చర్మం దాటి లోపలికి దిగుతుంది, ఒంట్లో ఉన్న కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కాల్షియం పడిపోతే గుండె ఆగిపోతుంది. ఇది నేను కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పే పాఠం. చాలా బాగా చెబుతానని పేరు కూడా ఉండేది నాకు. నా తలకాయ!

అలాంటి ఫ్యాక్టరీలోకి సుభాషిణి వచ్చింది. కొల్లూరు దగ్గర లంకల్లో అరటితోటలున్న రైతుల అమ్మాయి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో మట్టి గురించి, ఎరువుల గురించి చదువుకుంది. 'ఎరువుల పిల్లకి యాసిడ్ ఫ్యాక్టరీలో ఏం పని' అని మొదటి రోజే నేను నలుగురిలో నవ్వాను. ఆ అమ్మాయీ నవ్వింది. కోపం తెచ్చుకోలేదు. అప్పుడే నాకు ఒళ్లు మండింది, చెప్పొద్దూ.

తన ఆలోచన వినడానికి చాలా తేలిక. ఫ్లోర్‌స్పార్ రాతిలో ఫ్లోరైడుని కాల్షియం పట్టుకుని కూర్చుంటుంది. ఫాస్ఫేటుకి కాల్షియం అంటే మహా ఇష్టమని ఎరువుల సంగతి తెలిసినవాళ్లకి కొత్త కాదు; పొలంలో వేసిన ఫాస్ఫేటు సున్నపు నేలల్లో అలాగే ఇరుక్కుపోతుంది. అలాంటప్పుడు రాతిపొడిలో ఒక ఫాస్ఫేటు ఉప్పు కలిపి, ఇనుప గుండ్లున్న డ్రమ్ములో వేసి గట్టిగా నూరితే? కాల్షియం వెళ్లి ఫాస్ఫేటుని పట్టుకుంటుంది, ఫ్లోరైడు బయటపడుతుంది. నూరడమే పని. మధ్యలో యాసిడ్ అనేదే ఉండదు. కాచే పని లేదు, పొగ లేదు, డ్రమ్ములు నింపడం లేదు, లారీల్లో పంపడం లేదు. తెనాలిలో ఒక లేత్ షాపులో చెప్పి చిన్న మిల్లు చేయించుకుంది. అది ఆడుతుంటే మా షెడ్డంతా గడగడలాడేది. మేమంతా చెవులు మూసుకునేవాళ్లం, ఆ అమ్మాయి మాత్రం పక్కనే స్టూలేసుకుని కూర్చునేది.

మేనేజరు మనిషి మంచివాడే. విన్నాడు. "నూరిన పొడిని నీళ్లలో కలిపితే ఫ్లోరైడు సగానికి మించి దిగిందంటే చెప్పండి, పెద్ద మిల్లు తెప్పించి ఆర్నెల్లు ట్రయల్ చేద్దాం. అది నిలబడితే యాసిడ్ లైను మూసేద్దాం" అన్నాడు. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది: సాంపిల్ చేసినవాళ్లు దాన్ని పరీక్ష చేయకూడదు. పరీక్ష ల్యాబ్‌దే. ల్యాబ్ అంటే నేను.

ఇప్పుడు ఆ సీసా సంగతి చెప్పాలి.

ఫ్లోరైడు కొలవడానికి ఒక ఎలక్ట్రోడు ఉంటుంది. సాంపిల్లో దాన్ని ముంచే ముందు బఫర్ అనే ద్రావణం కలపాలి. రాతిలో ఉండే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడుని పట్టి ఉంచుతాయి. బఫర్ దాన్ని విడిపించి ఎలక్ట్రోడుకి చూపిస్తుంది. బఫర్ లేకపోతే ఉన్నదాంట్లో కొంతే కనబడుతుంది. మా స్టోర్స్‌లో బఫర్ సరుకులు అడిగితే వంద ప్రశ్నలు వేసేవారు. అందుకని మా ల్యాబ్‌లో ఒక దిక్కుమాలిన అలవాటు పడింది. సీసా అడుగంటుతుంటే డిస్టిల్డ్ వాటర్ పోసి నింపేవాళ్లం. అనుకోకుండా చుట్టాలొస్తే పులుసులో నీళ్లు పోస్తారే, అలాగ. రోజూ వచ్చే మా సాంపిల్స్ శుభ్రమైనవి, వాటిలో పట్టి ఉంచేవేమీ లేవు గనుక ఏ తేడా తెలిసేది కాదు. ఏళ్లతరబడి తెలియలేదు.

సుభాషిణి సాంపిల్‌లో రాతిమట్టి అంతా ఉంది. నేను ఆ నీళ్లసీసా లోంచే బఫర్ పోశాను. ముప్పై నాలుగు శాతం వచ్చింది. సరే, అయిపోయింది అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అప్పటిదాకా అది పొరపాటే. సీసా మూత పెడుతుంటే మాత్రం ఏదో తక్కువైనట్టు అనిపించింది. బఫర్‌లో ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది, మూత తీయగానే పచ్చళ్లలో వేసే వెనిగర్ వాసన గుప్పున కొట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు.

మధ్యాహ్నం భోజనానికి అందరూ వెళ్లాక కొత్తగా బఫర్ కలిపాను. అదే సాంపిల్‌ని మళ్లీ చూశాను. ఎనభై ఒకటి.

ఎనభై ఒకటి! నాకు సంతోషం కలగలేదు. ఆ అంకె చూడగానే నా కడుపులో పుట్టింది భయం కూడా కాదు, మంట. ఇరవై ఏళ్లుగా ఆ యాసిడ్ నాది. దాన్ని ఎంత వేడిలో ఉంచాలో, ఏ పైపు ఎప్పుడు మార్చాలో, ఏ వాసనొస్తే బయటికి పరిగెత్తాలో చెప్పేది నేను. నేను లేకపోతే లైను ఆగిపోతుందని మేనేజరు బయటివాళ్లకి చెబుతుంటే పక్కన నిలబడి నేల చూస్తూ మురిసిపోయేవాణ్ణి. చేరి ఏడాది కూడా కాని ఆడపిల్ల, ఒక డ్రమ్ము, నాలుగు ఇనుపగుండ్లు పెట్టి ఆ ఇరవై ఏళ్లనీ మూసేస్తుందా? యాసిడ్ లేకపోతే నేనెవర్ని? ఆ పూట నేను అనుకున్నవి ఇవే. యాసిడ్ దగ్గర పనిచేసే మనుషులు నాకు గుర్తుకు రాలేదు. ఒక్కరు కూడా రాలేదు. ఆ పిల్ల మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, అంతే.

సుభాషిణి మూడింటికి వచ్చింది. మెడలో దుపట్టాకి తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది.

"ఎంతొచ్చింది సార్?"

ముప్పై నాలుగు అని రాసిన కాగితం చేతికిచ్చాను. చూసింది. రెండోసారి చూసింది.

"బఫర్ వేశారా అండి?"

"వేశానమ్మా."

"అడిగానని ఏమీ అనుకోకండి సార్. మీరు చూశాక ఇంక అడగక్కర్లేదు. నాకే ఎక్కడో తేడా కొట్టింది" అని కాగితం మడిచి తీసుకెళ్లింది.

అబద్ధం చెప్పానా? వేశాను కదా, సీసాలోంచి పోశాను కదా అని ఎన్నో ఏళ్లు నాకు నేను వాదించుకున్నాను. అంత చక్కగా వాదించేవాణ్ణి, ప్లీడరుగా పుట్టాల్సినవాణ్ణి. మొదటిసారిది పొరపాటని ఇందాక చెప్పాను. రెండోసారిది? ఎందుకంటే రెండోసారి ఉంది, మూడోసారి కూడా ఉంది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఇంకా ఎక్కువసేపు నూరింది, ఉప్పు పాళ్లు మార్చింది, వారంలో మళ్లీ సాంపిల్ తెచ్చింది. అప్పటికి నా బల్ల మీద రెండు సీసాలున్నాయి. కొత్త బఫర్ ఉన్న సీసా, నీళ్లు కలిపిన సీసా. నా చెయ్యి తెలిసి తెలిసి నీళ్లసీసా వైపే వెళ్లింది. ఆ చెయ్యి ఇదే, ఇప్పుడు పెన్ను పట్టుకుని ఉన్నదే. మూడోసారి కూడా అంతే.

మేనేజరు గదిలో ఆ అమ్మాయి తనే చెప్పింది, తన లెక్కే తప్పిందని. నేను పక్కన కూర్చుని "కొత్త ప్రయత్నాలు చేయాలమ్మా, నిరాశ పడకూడదు" అన్నాను. ఛీ. ఆ మాట తలుచుకుంటే మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. బాపట్లలో ఒక స్కూల్లో టీచరుగా చేరిందని తెలిసింది. మిల్లుని పాత ఇనుముకి వేశారు. యాసిడ్ లైను యథాప్రకారం నడిచింది.

ఆ లైన్లో డ్రమ్ములు నింపే అబ్రహాం నాకు అన్న వరస. రక్తసంబంధం కాదు, ఒకే చర్చి సంఘంవాళ్లం, ఒకే గుడికి వెళ్లేవాళ్లం. ఆయన పొలం కూలికి పోతుంటే, నేనే మేనేజరుతో మాట్లాడి ఉద్యోగం ఇప్పించాను. నెమ్మదైన మనిషి. గుడిలో పాట మొదలైతే ఆ గొంతు ముందు వినబడేది.

సుభాషిణి వెళ్లిన ఏడాదిన్నరకి ఒక రోజు పైపు జాయింటు దగ్గర యాసిడ్ చిమ్మి ఆయన ప్యాంటు తడిసింది, నడుం కింద నుంచి మోకాలిదాకా. మంట పుట్టలేదు. నీళ్లతో కడుక్కుని, తమలపాకుల డబ్బీలో సున్నం తీసి రాసుకున్నాడు. యాసిడ్ పడితే సున్నం రాసుకోవడం మా లైన్లో అందరికీ అలవాటు. ఆ యాసిడ్ పడితే రాయాల్సిన కాల్షియం జెల్ నా ల్యాబ్‌లో బీరువాలో ఉండేది. దానికి సంతకం పెట్టాలి, నేను నాలుగు మాటలు అడుగుతాను. చిన్నదానికి సారు దగ్గరికి ఎందుకులే అనుకునేవాళ్లు. ఆయనా అలాగే అనుకున్నాడు. అదే ప్యాంటుతో రెండు గంటలు పనిచేశాడు. తర్వాత ఎముకలో పోటు మొదలైంది. సంగతి తెలిసి నేను పరిగెత్తేసరికి పెదాలు వణుకుతున్నాయి. జీపులో తీసుకెళ్తూ దారిపొడుగునా జెల్ రాస్తూనే ఉన్నాను. తెనాలి చేరకముందే గుండె ఆగిపోయింది. నా ఒళ్లోనే.

అప్పుడు అనుకున్నానా, ఇది నేను చేసిందని? అనుకున్నాను. ఆ జీపులోనే అనుకున్నాను. వెంటనే నాలో ఉన్న ప్లీడరు లేచాడు. ట్రయల్ ఓకే అయినా పెద్ద మిల్లు పనిచేసేదని గ్యారంటీ ఏంటి? ఆర్నెల్లలో లైను మూసేసేవారా ఏంటి? జాయింటు లీకైతే నాదా తప్పు? ఇవన్నీ నిజమే. ఒక్కొక్కటీ నిజమే. కానీ ఎనభై ఒకటి అని రాసుంటే ఏం జరిగేదో తెలుసుకునే వీలు ఆ మనిషికి లేకుండా చేసింది నేను.

శవపేటికకు భుజం పట్టాను. సమాధి దగ్గర వాక్యం చదివింది కూడా నేనే, గొంతు వణక్కుండా చదివాను. ఆదివారం ఆరాధనలో మా సంఘమంతా నిలబడి పాపపు ఒప్పుకోలు చదువుతాం. రెండొందల గొంతులు ఒకేసారి. అందులో ఎవరి పాపమూ విడిగా వినబడదు. నేను గట్టిగానే చదివేవాణ్ణి. అంత గట్టిగా చదివేవాడి దగ్గర దాచిపెట్టింది ఏముంటుందని ఎవరికి అనుమానం వస్తుంది?

ఈ మధ్య మా పాత కెమిస్టుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త పెట్టారు. విదేశాల్లో శాస్త్రవేత్తలు ఫ్లోర్‌స్పార్‌ని ఫాస్ఫేటు ఉప్పుతో కలిపి, గుండ్ల మిల్లులో నూరి, ఆ ప్రమాదకరమైన యాసిడ్ జోలికి పోకుండానే ఫ్లోరిన్ రసాయనాలు చేశారట. తర్వాత నూరే పని కూడా తగ్గించి, నీళ్లలోనే చేసే దారులు వెతుకుతున్నారట. టిఫిన్ తింటూ చదివాను. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. నేను ఇడ్లీ మింగలేక కక్కలేక కూర్చున్నాను. మా ఆవిడ నీళ్లగ్లాసు తెచ్చి ఏంటండీ అలా ఉన్నారంటే పొరబోయిందన్నాను. ఆ అమ్మాయి రేపల్లె దారిలో ఒక రేకుల షెడ్డులో చేసిందే అది. ముందే చేసింది. నాకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. తనకి కూడా తెలియదు.

మర్నాడు బాపట్ల రైలెక్కాను.

స్కూల్లో టీచర్ల గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. నేను వచ్చానని ఎంత సంతోషించిందో. పిల్లలకి ఏటా తన కథే చెబుతుందట. ఒకప్పుడు నేను గొప్పదాన్ని అనుకుని మూడుసార్లు బోర్లాపడ్డాను, అందుకే ఒకటికి పదిసార్లు చూసుకుని గానీ నోరు తెరవకండర్రా అని. నవ్వుతూనే చెప్పింది. ఇంక ఆగలేకపోయాను. సీసా గురించి, వాసన గురించి, ఎనభై ఒకటి గురించి, మూడుసార్ల గురించి, ఆ తర్వాత అబ్రహాం ఎలా పోయాడో కూడా చెప్పేశాను.

ఏడవలేదు, అరవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకటే అడిగింది, "అబ్రహాం గారింట్లో చెప్పారా అండి?" లేదన్నాను. "ముందు అక్కడికి వెళ్లాల్సింది సార్" అని లేచింది. బెల్లు కొట్టారు. చాక్‌పీసులు తీసుకుని క్లాసుకి వెళ్లిపోయింది. తాగిన గ్లాసు చేతిలో పెట్టుకుని అక్కడే ఉండిపోయాను.

తర్వాత వారం రేపల్లె వెళ్లాను. అబ్రహాం భార్య మరియమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చాప జరిపింది. "రా తమ్ముడూ, ఎండన పడొచ్చావేంటి" అంది. ఆమెకి ఎలక్ట్రోడు, బఫర్ ఎలా చెప్పను? నాకు చేతనైనట్టు చెప్పాను. ఒకమ్మాయి యాసిడ్ అక్కర్లేని పద్ధతి కనిపెట్టిందని, అది పనికొస్తుందని నాకు తెలిసిందని, పనికిరాదని రాశానని. చేతిలో చింతపండు అలాగే పట్టుకుని వింది.

"అంటే ఆ యాసిడ్ లేకుండా కూడా పని అయ్యేదా తమ్ముడూ?"

'ఏమో వదినా' అని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాటో. మింగేశాను.

"అయ్యేదో కాదో చూసే దారి ఉంది వదినా. ఆ దారి మూసేసింది నేనే."

గింజ ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది.

"ఉద్యోగం ఇప్పించావని ఆయన రోజూ ప్రార్థనలో నీ పేరు ఎత్తేవాడు. ఆయన పోయాక నేను ఎత్తుతున్నా. ఒక్క రోజు కూడా మానలేదు." పళ్లెం దగ్గరికి లాక్కుంది. "ఇంక నా నోట రాదు తమ్ముడూ."

చింతపండు పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లింది. తలుపు గట్టిగా వేయలేదు, మామూలుగానే వేసుకుంది. అరుగు మీద చాలాసేపు ఉన్నాను. మళ్లీ తలుపు తీయలేదు.

వాళ్లిద్దరిలో ఎవరూ ఎందుకు చేశావని అడగలేదు. అడిగి ఉంటే కడుపుమంట అని చెప్పాల్సి వచ్చేది. ఆ ఒక్కటీ చెప్పకుండా బతికిపోయాను. అందుకే మీకు చెబుతున్నాను. ఇంకే కారణమూ లేదు, నమ్మండి, డబ్బుల్లేవు, బెదిరింపుల్లేవు. ఓర్వలేనితనం. అంతే.

సాయంత్రం తెనాలి రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. వేయించిన శనక్కాయలు అమ్మేవాడొస్తే పొట్లం కొన్నాను. ఆకలేసింది, బాగా వేసింది; అన్నం ముందు కూర్చుంటే అంత ఆకలి వేసి ఎన్నేళ్లయిందో. ఒకామె మొగుడు ఎందుకు పోయాడో ఇవాళ చెప్పి, ఆమె తలుపు ముందు నుంచి లేచొచ్చి శనక్కాయలు తింటున్నానేంటి అని నా మీద నాకే రోత పుట్టింది. అయినా తిన్నాను. వేమూరు దాటేసరికి పొట్లం ఖాళీ అయింది.